అడవి కాలిన గుట్ట కింద ఇల్లు ఉంటే: వానాకాలానికి ముందు వరద ముప్పును అంచనా వేసుకోవడం, తగ్గించుకోవడం ఎలా?

"ఊరి వెనక గుట్ట వేసవిలో కాలింది, మా ఇంటి దాకా మంట రాలేదు, ఇక భయం లేనట్టే కదా?" నల్లమల అంచున అచ్చంపేట, అమ్రాబాద్, పదర, లింగాల వైపు నుంచి, నల్లగొండ జిల్లాలో చందంపేట, నేరేడుగొమ్ము వైపు నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. మంట వల్ల కలిగే ముప్పు తీరి ఉండవచ్చు. అయితే అదే గుట్ట మీద పడే మొదటి జోరు వానతో వచ్చే ముప్పు మాత్రం ఇప్పుడే పెరిగింది. చివరి మంట ఆరిన రోజు నుంచి మొదటి పెద్ద వాన పడే రోజు వరకు మీ చేతిలో ఉండేది కొన్ని వారాలే. ఆ వారాల్లో ఏం చేయాలో వరుసగా కింద రాస్తున్నాను.

పనికి అవసరమైనంత వరకే కారణం చెబుతాను. ఎండుటాకుల పొర, గడ్డి, పొదలు వాన చినుకు దెబ్బను కాచుకుని నీటిని నిదానంగా నేలలోకి దింపుతాయి. అవి కాలిపోతే బూడిద నేల రంధ్రాలను పూడ్చేస్తుంది. మంట బాగా తగిలిన చోట ఆకులలోని మైనం వంటి పదార్థాలు ఆవిరై మట్టిలోకి దిగి, గడ్డకట్టి, నీరు ఇంకని పొరగా మారతాయి. అందువల్ల నిరుడు అదే వానకు మోకాలి లోతు కూడా పారని ఒర్రె (చిన్న వాగు) ఈసారి బూడిద, బురద, కాలిన వెదురు బొంగులు, రాళ్లను కలుపుకుని వస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2017 డిసెంబరులో థామస్ కార్చిచ్చు కొండలను కాల్చింది. 2018 జనవరి 9న ఆ కొండల మీద పడిన వానకు మాంటెసీటో పట్టణంలోకి బురద, బండరాళ్లు దూసుకువచ్చి 23 మంది చనిపోయారు. మన ఆకురాల్చే అడవిలో మంట ఎక్కువగా నేల మీది గడ్డిని, ఆకును కాలుస్తూ పోతుంది కాబట్టి అంతటి తీవ్రత సాధారణంగా ఉండదు. కానీ తొలకరి నాటికి వాలు బోసిగా ఉండటమూ, తూములు (బాట కింద నీరు పోయే గొట్టాలు) చెత్తతో పూడిపోవడమూ ఇక్కడా జరిగేవే. పెంటల్లో (చెంచు గూడేల్లో), తండాల్లో, గుట్ట వెంబడి వేసిన కొత్త ప్లాట్లలో ఇళ్లకు నష్టం చేసేది ముఖ్యంగా ఈ రెండే.

కావలసినవి

గడ్డపార, పార, తట్టలు, కొడవలి. 50 అడుగుల టేపు. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన నీటి గొట్టం. నిలువు గోడలున్న ఖాళీ డబ్బాలు రెండు, వాటిలో ఒకదానికి అడుగు తీసేయాలి. మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు. తాగునీటి సీసా. 50 నుంచి 100 ఖాళీ యూరియా సంచులు, మందమైన ప్లాస్టిక్ పట్టా. వరిగడ్డి మోపులు. టార్చి, చార్జి చేసిన ఫోను. నోటు పుస్తకం, పెన్సిలు. వీటన్నింటికంటే ముందు, తోడుగా ఇంకొక మనిషి ఉండాలి.

1. ఏ వాలు, ఎంత మేర కాలిందో తెలుసుకోండి

మీ ఇంటి నుంచి కనిపించే నల్లటి మచ్చ ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు. గుట్ట అవతలి వైపు కాలినా, ఆ నీరు మీ ఒర్రెలోకే దిగుతుంటే అది మీ సమస్యే. ముందుగా బీట్ ఆఫీసరునో వన సంరక్షణ సమితి సభ్యులనో అడగండి, మంటలు ఆర్పినవారికి హద్దులు బాగా తెలుస్తాయి. ఫోనులో చూడగలిగితే భారత అటవీ సర్వే సంస్థ 'వన్ అగ్ని' పోర్టల్లో ఉపగ్రహం పట్టిన మంటల గుర్తులు ఉంటాయి, అందులో నమోదు చేసుకుంటే హెచ్చరికలు కూడా వస్తాయి. ఆ గుర్తు ఒక్కొక్కటి దాదాపు 375 మీటర్ల చదరానికి, కొన్నిసార్లు కిలోమీటరు చదరానికి సంబంధించినది కాబట్టి, చుక్క పడిన చోటే కాలిందని, చుక్క లేని చోట కాలలేదని అనుకోకూడదు. కాలిన మేర ఆకారం కావాలంటే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా చూడవచ్చు. మంటకు ముందరి తేదీని, తరువాతి తేదీని పక్కపక్కన పెట్టి పోల్చండి. కంప్యూటరు తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే ఇది అరగంట పని.

హెచ్చరిక: అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా వెళ్లకండి. బయటి వాలులో కూడా మొదలు కాలిన చెట్ల కింద నిలబడవద్దు, గాలి లేకపోయినా అవి కూలుతాయి.

2. నీటి దారిని నడిచి చూడండి

ఈ గైడులో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. ఇంటి వాకిలి నుంచి మొదలుపెట్టి, నీరు వచ్చే దిక్కుగా పైకి నడుస్తూ ఒర్రెలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ బాట మీదుగా పారతాయో, ఎక్కడ తూము ఉందో, ఎక్కడ ఎవరైనా గట్టు పోసి దారి మళ్లించారో రాసుకోండి. తరువాత ఇంటి నుంచి కిందికి, వాగు లేదా కుంట దాకా నడవండి. కింద దారి మూసుకుపోతే నీరు వెనక్కు ఎగదన్నుతుంది కాబట్టి కింది భాగం కూడా అంతే ముఖ్యం.

ఊళ్లో పెద్దవాళ్లను తప్పకుండా అడగండి. "నీళ్లు వచ్చాయా?" అని కాకుండా "ఏ సంవత్సరం, ఏ అరుగు దాకా వచ్చాయి, ఎటు నుంచి వచ్చాయి?" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. అలాగని "మా తాతల నాటి నుంచి ఇక్కడికి నీళ్లు రాలేదు" అన్న మాటను హామీగా తీసుకోకండి. ఆ అనుభవం చెట్టూ గడ్డీ ఉన్న గుట్టది, ఇప్పుడు మీ వెనక ఉన్నది వేరే స్థితిలో ఉన్న గుట్ట.

ఇంకొక తేడా గమనించాలి. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు పొంగి అలంపురం ప్రాంతాన్ని ముంచినప్పుడు నీరు పైనుంచి నదిలో వచ్చింది, ముందుగా కబురు అందే వీలుండింది. కాలిన గుట్ట నుంచి వచ్చే నీరు వాన మొదలైన కొద్ది నిమిషాల్లోనే దిగుతుంది. నది గురించి వచ్చే హెచ్చరికల కోసం ఎదురుచూస్తే ఈ ముప్పు తెలియదు.

3. నేల నీటిని తాగుతోందో లేదో పరీక్షించండి

కాలిన చోట మీ పట్టా భూమిలో గానీ అనుమతి ఉన్న చోట గానీ బూడిదను చేత్తో పక్కకు ఊడ్చి, కింది మట్టి మీద నాలుగైదు నీటి చుక్కలు వేయండి. చుక్క 5 సెకన్లలోపు ఇంకితే నేల బాగున్నట్టు. గుండ్రంగా నిలబడి 5 నుంచి 60 సెకన్లు పడితే కొంత చెడినట్టు, నిమిషం దాటినా ఇంకకపోతే బాగా చెడినట్టు. మట్టిని వేలెడు లోతు గీకి అక్కడ కూడా ఇదే చేయండి, ఎందుకంటే నీటిని ఆపే పొర చాలాసార్లు పైన కాకుండా కొంచెం లోపల ఉంటుంది. ఒకే చోట కాకుండా కనీసం పది చోట్ల చూడాలి.

ఇంకొంచెం నమ్మకంగా తెలుసుకోవాలంటే అడుగు తీసిన డబ్బాను రెండు అంగుళాలు నేలలోకి దిగగొట్టి, కొలిచిన నీళ్లు పోసి, ఎంతసేపటికి ఇంకిందో చూడండి. పక్కనే కాలని చోట కూడా ఇదే పరీక్ష చేయాలి. విడిగా ఒక అంకె ఏమీ చెప్పదు. చల్క (ఎర్ర ఇసుక) నేల సహజంగానే త్వరగా తాగుతుంది, రేగడి నిదానంగా తాగుతుంది, కాబట్టి కాలిన చోటికి, కాలని చోటికి ఉన్న తేడానే చూడాలి.

4. తూము సరిపోతుందో లెక్క వేయండి

లెక్క తేలికే. ఎకరం నేల మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు లక్ష లీటర్ల నీరు. మీ ఒర్రెలోకి 50 ఎకరాల వాలు దిగుతోందని, ఆ వాన గంటలో పడిందని అనుకుందాం. మొత్తం 50 లక్షల లీటర్లు. పచ్చగా ఉన్నప్పుడు అందులో నాలుగో వంతు పారిందనుకుంటే సెకనుకు దాదాపు 350 లీటర్లు. కాలిన తరువాత సగం పారిందనుకుంటే దాదాపు 700 లీటర్లు. రెండడుగుల వ్యాసం ఉన్న సిమెంటు గూన, సెకనుకు 2 మీటర్ల వేగంతో నిండుగా పారితే మోసేది సుమారు 565 లీటర్లు. అంటే నిరుడు సరిపోయిన తూమే, వాన పెరగకపోయినా, ఈసారి చాలదు. అందులో వెదురు బొంగు ఒకటి అడ్డం పడితే ఈ అంకె కూడా మిగలదు. మీ వాలు విస్తీర్ణం, మీ తూము వ్యాసం పెట్టి ఇదే లెక్క చేసుకోండి. చాలదని తేలితే పెద్ద తూము కోసం గ్రామ పంచాయతీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అది వచ్చేలోపు పొంగిన నీరు ఎటు పోవాలో మీరే దారి చూపాలి.

5. గడప ఎత్తును కొలవండి

కంటి అంచనా ఇక్కడ తప్పక మోసం చేస్తుంది. నీటి గొట్టాన్ని పట్టుకుని గడప మట్టానికీ, ఒర్రె గట్టు మట్టానికీ, తూము పైన ఉన్న బాట మట్టానికీ తేడా కొలవండి. బాట మీ గడప కంటే ఎత్తుగా ఉంటే, తూము పూడిన వెంటనే నీరు ఇంట్లోకి వస్తుంది. సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేసుకుంటూ పోయిన వీధుల్లో చాలా పాత ఇళ్లు ఈ స్థితికే వచ్చాయి. గొట్టంలో గాలి బుడగ ఉంటే కొలత తప్పుతుంది, ముందుగా రెండు చివరలనూ పక్కపక్కన పెట్టి నీరు సమంగా ఉందో లేదో చూసుకోండి.

6. నీటికి దారి ఇవ్వండి

ఒర్రె నుంచి, మోరీల నుంచి, తూముల నుంచి మట్టి, బొంగులు, ప్లాస్టిక్ తీసేయండి. తీసిన మట్టిని గట్టు మీదే కుప్ప పోస్తే తొలి వానకే మళ్లీ లోపలికి జారుతుంది, కనీసం పదడుగుల దూరం వేయండి. తూముకు ముందు కొన్ని గజాల దూరంలో గట్టి కర్రలు జానెడు ఎడంతో పాతితే పెద్ద బొంగులు అక్కడే ఆగుతాయి. కానీ ఆగిన చెత్తను ప్రతి వాన తరువాత తీయగలిగితేనే ఈ ఏర్పాటు చేయండి, లేకపోతే అదే ఆనకట్టగా మారుతుంది.

రేకుల మీది నీరు, పెంకుల మీది నీరు పునాది పక్కన పడకుండా కాలువ తీయండి. మట్టి గోడల ఇంట్లో ఉండేవారికి ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. వరద లోపలికి రాకపోయినా, గోడ అడుగు గంటల తరబడి నానితే గోడ మొత్తం ఒక్కసారిగా ఒరిగిపోతుంది. గుట్ట వైపు గోడకు బయట మట్టి ఒరిగి ఉంటే తీసేయండి, వాన రాత్రుల్లో ఆ గోడ పక్కన ఎవరినీ పడుకోనివ్వకండి.

7. మీ భూమిలోని వాలును కప్పండి

వరిగడ్డిని నేల మూడింట రెండు వంతులు కనిపించకుండా పరచండి. చినుకు దెబ్బను ఆపడానికి ఇంత చవకైనది వేరే లేదు. గాలికి లేవకుండా అక్కడక్కడ రాళ్లు పెట్టండి. ఇంటి గోడకు, మోరీకి దగ్గరగా మాత్రం పరచవద్దు, కొట్టుకుపోయి మోరీని మూసేస్తుంది, మళ్లీ వేసవికి నిప్పు అంటుకునే సరుకవుతుంది. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో అడుగు ఎత్తున రాతి కట్టలు వేయండి, వాటి వెనక మట్టి ఆగుతుంది. ఒర్రెలో వేసే రాతి అడ్డుకట్ట మోకాలి ఎత్తు దాటకూడదు, నడుమ భాగం అంచుల కంటే పల్లంగా ఉండాలి. ఎత్తుగా కడితే నీరు నిలబడి తెగి, ముందు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

అడవి హద్దు లోపల రాయి కదిలించడానికి, చెట్టు నరకడానికి మీకు హక్కు లేదు, అటవీ అధికారుల ద్వారానే ఆ పని జరగాలి. ఊరంతటికీ పనికొచ్చే కట్టలైతే గ్రామ సభలో పెట్టి ఉపాధి పనుల్లో చేర్పించమనండి. చెంచు పెంటల వారు మన్ననూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ద్వారా అడగవచ్చు.

8. ఇసుక సంచులను సరిగ్గా పేర్చండి

సంచిని సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే నింపండి. నిండుగా నింపి మూతి బిగించిన సంచులు గుండ్రంగా ఉబ్బి, మధ్య సందుల్లోంచి నీటిని వదిలేస్తాయి. మూతిని కిందికి మడిచి, ఆ మడత నీరు వచ్చే వైపుకు ఉండేలా పడుకోబెట్టి, కాలితో తొక్కి, ఇటుకల వరుసలాగా అతుకు మీద అతుకు రాకుండా పేర్చండి. ఎత్తుకు మూడు రెట్లు అడుగు వెడల్పు ఉండాలి. నీటి వైపు ప్లాస్టిక్ పట్టా పరచి, దాని అంచును మొదటి వరుస కిందికి నొక్కండి. ఇసుక దొరకకపోతే ఎర్ర చల్క మట్టి వాడండి, రేగడి పనికిరాదు.

సంచుల గోడ నీటిని పూర్తిగా ఆపడానికి కాదు, పక్కకు మళ్లించడానికి. కాబట్టి దాన్ని ఏటవాలుగా కట్టండి. మళ్లించిన నీరు పక్కింటి గోడకు తగులుతుంటే మీరు సమస్యను తీర్చినట్టు కాదు. ఇరుగుపొరుగు కలిసి ఒకే వరుసగా కట్టుకోవడమే సరైన పద్ధతి.

9. కరెంటు, కాగితాలు, బీమా

మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. నీరు గడప దాటకముందే ఆపేయాలి, దాటాక తడి కాళ్లతో దాని దగ్గరికి వెళ్లకూడదు. తీగలు తెగితే 1912కు ఫోను చేయండి. పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకాలు రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫొటోలు తీసి దూరంగా ఉన్న బంధువుకు పంపండి. పశువులను వాన రాత్రి కొట్టంలో కట్టేసి ఉంచవద్దు.

'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక ఇంటి బీమాను 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇస్తున్నాయి. అందులో అడవి మంట, వరద రెండూ చేరి ఉంటాయి. గోడలు, కప్పు దేనితో కట్టినవో దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇంటి నాలుగు వైపులా ఇప్పుడే ఫొటోలు తీసి ఉంచండి, నష్టం జరిగాక ముందు ఎలా ఉండేదో చూపడానికి అవే ఆధారం.

10. ఎప్పుడు ఇల్లు వదలాలో ఎండరోజే నిర్ణయించుకోండి

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ వర్షం. ఆ లెక్క జిల్లాకు సరిపోతుంది గానీ కాలిన గుట్టకు సరిపోదు. గంటలోపు 12, 13 మిల్లీమీటర్లు పడినా కాలిన వాలు నుంచి హఠాత్తు వరద రావచ్చని అమెరికా వాతావరణ సేవ హెచ్చరిస్తుంది. మీ రెండో డబ్బాను వాకిట్లో ఆరుబయట, చెట్టుకు దూరంగా పెట్టి, వాన పడుతుండగా పావుగంటకొకసారి స్కేలుతో కొలవండి. పావుగంటలో 6 మిల్లీమీటర్లు చేరితే పిల్లలను, వృద్ధులను కదిలించడం మొదలుపెట్టాలని నా సలహా.

డబ్బా చూడనవసరం లేకుండానే వెంటనే కదలాల్సిన గుర్తులు మూడున్నాయి. వాన ఆగకపోయినా ఒర్రెలో నీరు హఠాత్తుగా తగ్గడం మొదటిది, అంటే పైన ఎక్కడో అడ్డు పడి నీరు నిండుతోంది. నీరు నల్లగా, చిక్కగా మారడం రెండోది. గుట్ట వైపు నుంచి రాళ్లు దొర్లుతున్న శబ్దం మూడోది.

వాగు వెంబడి కిందికి పరుగెత్తవద్దు, పక్కకు, మెరక మీదికి వెళ్లండి. బడి, పంచాయతీ భవనం వాగు దాటి ఉంటే అవి మీ ఆశ్రయం కావు, ఇవతలే ఇంకొక చోటు చూసుకోండి. ఆరు అంగుళాల పారే నీరు పెద్దవాళ్లను కూడా పడగొట్టగలదు, అడుగు నీరు కారును, రెండడుగుల నీరు జీపు వంటి పెద్ద బండ్లను కూడా తేల్చుకుపోగలదు. చిక్కుకుపోతే 112కు ఫోను చేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

జూన్ రెండో వారం వరకు సమయం ఉందనుకోవడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. మే నెల ఉరుముల వాన అరగంటే పడినా జోరుగా పడుతుంది, అప్పటికి గుట్ట మీద ఒక్క గడ్డి పోచ కూడా ఉండదు.

గడ్డి మొలవగానే జాగ్రత్త మానేయడం రెండోది. వాలు పచ్చబడే నాటికి ముప్పు తగ్గుతుందన్నది నిజమే, కానీ జూన్, జులైలలో కొట్టుకొచ్చిన మట్టి తూముల్లో అలాగే ఉంటుంది. 2025 అక్టోబరు చివర మోంథా తుపాను వానలకు డిండి వాగు పొంగి శ్రీశైలం రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. పెద్ద వాన అక్టోబరులో కూడా వస్తుందన్న లెక్కతో ఆగస్టు చివర మరొకసారి తూములు తోడించండి.

కాలిన వాలును చదును చేయడానికి జేసీబీ పెట్టడం ఇంకొకటి. మాడిన మొదళ్లు, వేళ్లు ఇంకా మట్టిని పట్టుకుని ఉంటాయి. వాటిని పెకిలిస్తే మిగిలిన కొద్ది పట్టు కూడా పోతుంది.

పని ఫలించిందో లేదో చూసుకోవడం

వాన రాకముందే ట్యాంకరు నీటినో బోరు నీటినో ఇంటి పై వైపు వదిలి, మీరు అనుకున్న దారినే పోతోందా, ఎక్కడైనా నిలుస్తోందా చూడండి. మొదటి మామూలు వాన ఆగిన వెంటనే, పిడుగుల భయం తీరాక, రెండో అంచెలో నడిచిన దారినే మళ్లీ నడవండి. రాతి కట్టల వెనక మట్టి చేరిందా, కట్ట కింద గుంట పడుతోందా, సంచుల అడుగున తడి దాటిందా చూడండి. గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టి తేదీ, డబ్బాలో కొలిచిన వాన రాయండి. మూడు నాలుగు వానల గుర్తులు చేరాక, ఎంత వానకు ఎంత నీరు వస్తుందో మీ ఇంటికి సరిపోయే పట్టిక మీకే తయారవుతుంది.

బూడిద కలిసిన బావి నీటిని తేర్చి, వడగట్టి, మరిగించాకే తాగండి. బురద ఎత్తేటప్పుడు పాములు, తేళ్లు ఉంటాయి, చేత్తో కాకుండా పారతోనే తీయండి.

వచ్చే ఏడాది వేసవి చివర మూడో అంచెలోని నీటి చుక్కల పరీక్షను అవే చోట్ల మళ్లీ చేయండి. చుక్క వెంటనే ఇంకుతూ, నేల మీద ఆకు, గడ్డి నిలిచి ఉంటే సంచులు తీసేయవచ్చు, తూముల శుభ్రత మాత్రం కొనసాగించాలి. ఆ వేసవిలో వాలు మళ్లీ కాలి ఉంటే మొదటి అంచె నుంచి అన్నీ తిరిగి చేయాలి.